కొత్త ఎయిర్ రైఫిల్‌కి గురి కుదరట్లేదా? స్కోప్ నాబ్ ముట్టుకునే ముందు ఇవి చూస్కోండి

కొత్త గన్ వచ్చిన మొదటి ఆదివారం మన వైపు దాదాపు అందరిళ్లల్లో జరిగేది ఒకటేనండి. అట్టపెట్టె విప్పుతారు, స్కోప్ బిగిస్తారు, కొబ్బరితోటలో పాత క్యాలెండర్ వెనక చుక్క పెట్టి ఒకటి కొడతారు. అది ఎడమకి పోద్ది, నాబ్ నాలుగు క్లిక్కులు కుడికి తిప్పుతారు. రెండోది కిందకి పోద్ది, ఇంకో నాబ్ తిప్పుతారు, మూడోది అసలు పేపర్ మీదే కనపడదు, ఇంక సాయంత్రానికి డబ్బా పెల్లెట్లు అవగొట్టేసి ఈ గన్ డొల్లరా, మనల్ని ముంచేశాడు అని తేల్చేస్తారు. నిజం చెప్పాలంటే అందులో చాలా గన్‌లు బానే ఉంటాయి. తేడా వేరే చోట ఉంటే మనం స్కోప్‌తో కుస్తీ పడతాం.

ముందు రెండు మాటలు విడిగా అర్థం చేస్కోవాలి. గ్రూప్ అంటే ఒకే చుక్కకి గురిపెట్టి కొట్టిన పెల్లెట్లన్నీ ఎంత దగ్గరదగ్గరగా పడ్డాయి అన్నది, ఎక్కడ పడ్డాయి అన్నది కాదు. జీరో అంటే ఆ గుంపు మొత్తాన్ని తీసుకొచ్చి చుక్క మీద కూర్చోబెట్టడం. నాబ్‌లు చేసేది రెండో పని ఒక్కటే. చెల్లాచెదురుగా పడుతున్న పెల్లెట్లని నాబ్ తిప్పి దగ్గరకి తేవడం ఎవరి వల్లా కాదు. కాబట్టి గ్రూప్ చిన్నదయ్యేదాకా నాబ్ జోలికి పోకూడదు, ఈ గైడ్ మొత్తం ఆ ఒక్క రూల్ మీదే నడుస్తుంది.

నేను చెప్పేది మనలో ఎక్కువమంది కొనే .177 బ్రేక్ బ్యారెల్ రైఫిల్ గురించి, అంటే గొట్టాన్ని (బ్యారెల్‌ని) మధ్యలో విరిచి పెల్లెట్ పెట్టేది, లోపల స్ప్రింగ్‌దైనా గ్యాస్ పిస్టన్‌దైనా. 2016 ఆర్మ్స్ రూల్స్ ప్రకారం బోరు, అంటే గొట్టం లోపలి వెడల్పు, .177 అంగుళాలు అంటే 4.5 మి.మీ. దాటకుండా, శక్తి 20 జూల్స్ దాటకుండా ఉంటే లైసెన్స్ అక్కర్లేదు, బిల్లు మాత్రం జాగ్రత్తగా దాచుకోండి. భీమవరం, ఆకివీడు వైపు చెరువులున్న కుర్రాళ్లు "బాబాయ్, నీటికాకులు రొయ్యపిల్లని తినేస్తన్నాయి, ఏ గన్ బాగుంటదంటావ్" అని అడుగుతా ఉంటారు. ఏదీ బాగోదు నాయనా. 1972 వన్యప్రాణి చట్టం కింద పిట్టని కొడితే నేరం, ఎయిర్ గన్‌తో కొట్టినా నేరమే, పైగా కొల్లేరు పక్కనే ఉంది. చెరువు మీద తీగలు లాగండి, వల కట్టండి. ఈ గన్ పేపర్ మీద, డబ్బా రేకు మీద కొట్టుకోవడానికి మాత్రమే.

చోటు, గాలి, రెస్టు

మొదటి టెస్టంతా 10 మీటర్లలోనే చెయ్యండి, టేపు పెట్టి కొలవండి, అడుగులేసి లెక్కపెడితే సరిపోదు. 25 మీటర్లకి ఇప్పుడే పోవద్దు, అక్కడ గాలి, మీ వణుకు, గన్ తేడా అన్నీ కలిసిపోయి ఏది దేనివల్లో తెలీదు. తెల్లారి ఆరున్నర, ఏడు ఆ టైములో కొట్టండి. మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి మొదలవుద్ది, రాజోలు, అంతర్వేది సైడు అయితే ఇంక చెప్పక్కర్లేదు, కొబ్బరాకు కొస ఊగుతుందంటే ఆ రోజుకి దూరం టెస్టు ఆపేయడమే.

వెనక ఏముందో చూస్కోవడం అన్నిటికంటే ముఖ్యం. గురి తప్పిన .177 పెల్లెట్ వందల మీటర్లు పోగలదు, మన ఊళ్లలో తోట దాటితే పుంత, పుంత దాటితే ఇళ్లు. దింపు తీసేవాళ్లు చెట్టు మీద ఉంటే కింద నుంచి కనపడరు, కేకేసి కనుక్కోండి. కొబ్బరిచెట్టు మానుకి పేపర్ కొట్టి కాల్చడం మానేయండి, పెల్లెట్ ఎటు తిరిగొస్తుందో తెలీదు, చెట్టుకి దెబ్బ ఎలాగూ తప్పదు. బోదెలో నీళ్ల మీదకి కాల్చినా అంతే, జారి పైకి లేచిపోద్ది. గట్టి అట్టపెట్టెలో పాతబట్టలు దట్టంగా కూరి దాని ముందు పేపర్ అంటించి వెనక ఇసుక బస్తా పెట్టండి, చాలు. కళ్లద్దాలు పెట్టుకోండి, కొట్టడం అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోండి, పెల్లెట్ అంటే సీసం.

రెస్టు అంటే గన్‌కి కింద ఆసరా, దాని కోసం పాత ప్యాంటు కాలు కత్తిరించి అందులో ఊక పోసి కుట్టేస్తే చక్కటి దిండు. దాని మీద మీ చెయ్యి ఉండాలి, చేతి మీద గన్ ఉండాలి. గన్‌ని తీసుకెళ్లి బల్ల మీదో గోడ మీదో నేరుగా పెట్టకూడదు, ఎందుకో కింద చెప్తా.

పేపర్ ఏం చెప్తుందో చదవండి

ఏమీ మార్చకుండా ఐదేసి చొప్పున మూడు పేపర్లు కొట్టండి. మూడు పెల్లెట్లు ఒకచోట పడగానే భలే గ్రూపు అని ఆగిపోతారు కొందరు, నాలుగోది ఐదోది కొడితే తెలుస్తుంది అసలు సంగతి. ప్రతి పేపర్ మీద ఏ పెల్లెట్, ఎంత దూరం, గాలి ఉందా లేదా రాసి పెట్టుకోండి. మామూలు స్ప్రింగ్ గన్‌తో 10 మీటర్లలో ఐదూ బొటనవేలి గోరు కింద దాగిపోతే ఇంక గన్‌లో వంక లేదనుకోవచ్చు, రూపాయి బిళ్ల దాటి పోతున్నాయంటే వెతకాల్సిన పని ఉంది.

బొక్కలు నిలువుగా ఒక గీతలా పడితే పట్టుకోవడంలో తేడా, లేదంటే ఒక్కో షాటు ఒక్కో స్పీడుతో పోతోంది, అంటే నూనె పొగ గానీ పెల్లెట్ గానీ. అడ్డంగా పరుచుకుంటే గాలి, ట్రిగ్గర్ పక్కకి లాగడం, గన్ ఓ పక్కకి ఒరిగిపోవడం. రెండు విడివిడి గుంపులుగా పడితే స్కోప్ కదులుతోందేమో చూడండి, లేదా మీ తల ప్రతిసారీ ఒకే చోట ఆనట్లేదు. అదే గుంపు మెల్లగా ఒకే వైపుకి జరుగుతూ పోతుంటే మౌంట్ జారుతోంది. ఏ రూపం లేకుండా జల్లినట్టు పడితే స్క్రూలు, పెల్లెట్లు, గొట్టం మూతి, ఈ వరసలో చూడండి. ఇది నూటికి నూరు పాళ్లు నిజమవ్వాలని లేదు గానీ ఎక్కడ మొదలెట్టాలో చెప్తుంది. ఒకసారికి ఒక్కటే మార్చండి. పెల్లెట్ మార్చి, స్క్రూ బిగించి, స్కోప్ తిప్పి, మూడూ ఒకేసారి చేసి గ్రూప్ బాగుపడితే దేనివల్ల బాగుపడిందో దేవుడికే తెలియాలి.

స్క్రూలు

పైసా ఖర్చు లేని పని ఇది, చాలా గన్‌లు ఇక్కడే దారికొస్తాయి. చెక్క ముందు భాగంలో అటూ ఇటూ రెండు స్క్రూలు, ట్రిగ్గర్ గార్డ్ దగ్గర ఒకటో రెండో, బ్యారెల్ విరిచే చోట అడ్డంగా ఒక బోల్టు ఉంటాయి. స్ప్రింగ్ గన్ ప్రతి షాటుకీ ముందుకీ వెనక్కీ తంతుంది కాబట్టి కొత్తలో ఇవన్నీ వదులవుతాయి. సరిపోయే అలెన్ కీతో బిగించండి, అరిగిపోయిన కీతో స్క్రూ తల పాడుచెయ్యొద్దు. బిగిస్తే చాలు, చెక్క చితికేదాకా తిప్పక్కర్లేదు. మళ్లీ మళ్లీ వదులవుతుంటే ఒక్క చుక్క నీలం లాక్‌టైట్ (స్క్రూ వదలకుండా పట్టే జిగురు) పెట్టండి, ఎర్రది వద్దు, అది పెడితే మళ్లీ విప్పడానికి నానా తిప్పలు పడాలి.

బ్యారెల్ మూసేసి, గన్ ఖాళీగా ఉన్నప్పుడు, మూతి దగ్గర పట్టుకుని కొంచెం అటూ ఇటూ కదిపి చూడండి, పక్కలకి ఆడుతుందంటే ఆ అడ్డ బోల్టు సంగతి చూడాలి. ఒక జాగ్రత్త, బ్యారెల్ విరిచి పెల్లెట్ పెట్టేటప్పుడు రెండో చేత్తో బ్యారెల్‌ని గట్టిగా పట్టుకునే ఉండండి. లాక్ జారితే బ్యారెల్ కొట్టుకుని మూసుకునే వేగానికి వేళ్లు పోతాయి.

స్కోప్

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగాలి. పెద్ద తూటా రైఫిల్ వెనక్కి మాత్రమే తంతుంది, స్ప్రింగ్ గన్ మొదట వెనక్కి, వెంటనే ముందుకీ తంతుంది. ఈ రెండో తన్ను కోసం చెయ్యని స్కోప్ ఎంత ఖరీదుదైనా లోపల అద్దాలు, గీతలు కదిలిపోతాయి. కొనేటప్పుడే స్ప్రింగ్ ఎయిర్ గన్‌కి పనికొస్తుందా అని అడిగి తీసుకోండి.

మౌంట్ విప్పి, గన్ మీద గాడిని, మౌంట్ దవడల్ని స్పిరిట్‌తో తుడవండి. ఫ్యాక్టరీ నూనె అక్కడ ఉంటే ఎంత బిగించినా జారుతుంది. మౌంట్‌కి కింద చిన్న స్టాప్ పిన్ను ఉంటే అది గన్ మీదున్న రంధ్రంలో కూర్చోవాలి, కూర్చుందో లేదో తెలీకుండా బిగించేస్తారు చాలామంది. రెండు విడి రింగుల కన్నా ఒకే ముక్క మౌంట్ మేలు. రింగుల స్క్రూలు కారు చక్రం నట్లు బిగించినట్టు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించండి. తర్వాత మౌంట్ వెనకంచు దగ్గర గన్ మీద పెన్సిల్‌తో సన్నటి గీత పెట్టండి. ఓ ఇరవై ముప్పై షాట్లు కొట్టాక చూడండి, గీతకీ మౌంట్‌కీ మధ్య వెంట్రుకవాసి సందు వచ్చినా సరే, మీ గురి ఎక్కడికి పోతోందో దొరికిపోయినట్టే.

ఇంకోటి, బ్రేక్ బ్యారెల్ గన్‌లలో చాలావాటికి బ్యారెల్ స్కోప్ కన్నా కొంచెం కిందకి చూస్తుంటుంది. దాంతో పెల్లెట్లు బాగా కింద పడతాయి, మనం పై నాబ్ చివరి దాకా తిప్పేస్తాం. చివరికొచ్చేసరికి లోపల చిన్న స్ప్రింగు పట్టు వదిలేస్తుంది, అప్పుడు గీత ఒక్కోసారి ఒక్కోచోట నిలబడుతుంది, గ్రూప్ విచ్చుకుపోతుంది. నాబ్ ఇప్పుడు ఏ కొసలో ఉందో చూడండి. కొసలో ఉంటే వెనక రింగులో స్కోప్ కింద పాత ఎక్స్‌రే ఫిల్ము ముక్క ఒకటి సన్నగా కత్తిరించి పెట్టండి, నాబ్ మధ్యకి తెచ్చుకోండి. ఒకటి రెండు ముక్కలు దాటి పెట్టాల్సొస్తే ఆపేయండి, స్కోప్ గొట్టం వంగిపోద్ది, దానికి విడిగా వంపు మౌంట్లు దొరుకుతాయి.

ఇప్పుడు గన్‌ని దిండు మీద కదలకుండా పెట్టి, స్కోప్‌లో చూస్తూ తల మాత్రం కొంచెం అటూ ఇటూ జరపండి. ప్లస్ గీత చుక్క మీద ఈదుతున్నట్టు జరిగితే దాన్ని పారలాక్స్ అంటారు. పెద్ద రైఫిళ్ల స్కోపులు మామూలుగా 100 గజాలకి సెట్ చేసి వస్తాయి, 10 మీటర్లలో అవి ఇలాగే ఆడతాయి. ముందు అద్దం దగ్గర దూరం రింగు ఉంటే 10 కి తిప్పుకోండి. లేకపోతే కన్ను సరిగ్గా మధ్యలో పెట్టి, బుగ్గ ప్రతిసారీ చెక్క మీద అదే చోట ఆనించాలి, జూమ్ తగ్గించాలి. జూమ్ పెంచితే గురి పెరగదండీ, మన వణుకు పెద్దగా కనపడుతుంది, అంతే.

స్కోప్ మీద ఇంకా అనుమానంగా ఉంటే తీసేసి గన్‌తో వచ్చిన మామూలు సైట్లతో ఐదు కొట్టండి. వాటితో గ్రూప్ బాగా వచ్చిందంటే తప్పు ఎవరిదో తెలిసిపోయింది.

పట్టుకోవడం

మన అలవాటు ఏంటంటే బాగా తగలాలంటే గట్టిగా పట్టుకోవాలి అనుకుంటాం. స్ప్రింగ్ గన్‌కి సరిగ్గా ఉల్టా. ట్రిగ్గర్ నొక్కగానే లోపల పిస్టన్ ముందుకి దూకుతుంది, గన్ వెనక్కి కదులుతుంది, పిస్టన్ చివర గాలి మెత్త మీద ఆగగానే గన్ ముందుకి కదులుతుంది, ఈ గోలంతా పెల్లెట్ ఇంకా గొట్టంలో ఉండగానే మొదలైపోద్ది. మనం గట్టిగా పట్టుకుంటే ప్రతిసారీ ఆ కదలికని ఒక్కో రకంగా ఆపుతాం. వదులుగా వదిలేస్తే ప్రతిసారీ ఒకేలా కదులుతుంది. మనకి కావాల్సింది కదలకపోవడం కాదు, ఒకేలా కదలడం.

అందుకని ఎడం చెయ్యి తెరిచి, అరచేతి మీద గన్ ఊరికే కూర్చోవాలి, వేళ్లు చెక్కని పట్టుకోకూడదు. ఆ చెయ్యి ట్రిగ్గర్ గార్డ్‌కి కాస్త ముందు పెట్టి చూడండి, ఐదు కొట్టండి, తర్వాత రెండంగుళాలు ముందుకి జరిపి ఐదు కొట్టండి, ప్రతి గన్‌కీ నచ్చే చోటు ఒకటి ఉంటుంది, దొరికాక అక్కడ చాక్‌పీస్ గీత పెట్టుకోండి. భుజానికి ఆనీ ఆనకుండా ఉండాలి, కుడిచెయ్యి మెత్తగా. గన్‌ని గోడ మీద నేరుగా పెట్టొద్దన్నది కూడా ఇందుకే, గట్టి వస్తువు మీద ఎగిరిపడి పైకి పోద్ది.

ఒరిగిపోతుందా లేదా చూడాలంటే టార్గెట్ పక్కన దారానికి చిన్న రాయి కట్టి వేలాడదీయండి, స్కోప్ నిలువు గీత ఆ దారంతో కలవాలి. ట్రిగ్గర్ వేలి కొసతో నేరుగా వెనక్కి, మెల్లగా. పేలేటప్పుడు కళ్లు మూసేస్తున్నారేమో పక్కన ఎవర్నైనా చూడమనండి, మనకి మనం తెలీదు. షాటు అయ్యాక ఒక్క క్షణం అలాగే గురిలో ఉండిపోవాలి, వెంటనే తల లేపి ఎక్కడ పడిందా అని చూడటం మానుకోవాలి. ఇవి చెప్పుకోడానికి చిన్నవే, కానీ నా లెక్కలో కొత్తవాళ్ల సమస్యల్లో సగానికి పైగా ఇక్కడివే. పీసీపీ గన్ (ముందే సిలిండర్‌లో గాలి నింపుకునేది) అయితే తన్ను లేదు కాబట్టి పట్టు గురించి ఇంత గొడవ లేదు, దానికి సిలిండర్ ప్రెజర్ పడిపోతూ స్పీడు మారుతుందేమో చూస్కోవాలి.

పెల్లెట్లు

పట్టు కుదిరాకే దీనికి రండి. షాపువాడు ఊరికే ఇచ్చిన డబ్బాలో పెల్లెట్లు పది తీసి తెల్లకాగితం మీద పోసి చూడండి, పావడా (పెల్లెట్ వెనక వెడల్పు భాగం) అంచులు సొట్టలు, తల మీద సీసం తునకలు, ఒకటి పొడుగు ఒకటి పొట్టి కనపడితే ఆ పెల్లెట్లు రేకు డబ్బాల మీద కొట్టుకోవడానికి ఉంచుకోండి. పెట్టేటప్పుడు కూడా తేడా తెలుస్తుంది, ఒకటి బిగుతుగా దిగుతుంది, ఒకటి జారి లోపలికి పోతుంది. అలాంటివి ఒకే బొక్కలో ఎలా పడతాయి?

మంచివి రెండు మూడు రకాలు తెప్పించి పోల్చండి. చెక్ దేశపు జేఎస్‌బీ, జర్మనీ హెచ్ అండ్ ఎన్ లాంటివి మనకి ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. డబ్బా మీద 4.50, 4.51, 4.52 అని ఉండేది తల సైజు మి.మీ.లలో, ఆ నూరో వంతు తేడాకి కూడా కొన్ని గన్‌లు అలుగుతాయి. 10 మీటర్ల పేపర్‌కి చదును తలవి శుభ్రంగా గుండ్రటి బొక్క చేస్తాయి, ఒలింపిక్స్‌లో వాడేది ఈ రకమే. 2012 లండన్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ కాంస్యం తెచ్చింది ఈ 10 మీటర్ల .177 లోనే, ఆ టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు, మనం రూపాయి బిళ్ల గురించి ఏడుస్తున్నాం. 20 మీటర్లు దాటితే గుండు తలవి మంచివి. మొన తలవి చూడ్డానికి బాగుంటాయి గానీ వాటితో మంచి గ్రూప్ రావడం నేనైతే తక్కువ చూశా.

బరువు 7 నుంచి 8.5 గ్రెయిన్ల మధ్య చూస్కోండి, గ్రెయిన్ అంటే పెల్లెట్ బరువు కొలిచే చిన్న కొలత. 8.44 గ్రెయిన్ల పెల్లెట్ సెకనుకి 220 మీటర్ల వేగంతో పోతే శక్తి 13 జూల్స్ చిల్లర, మామూలు స్ప్రింగ్ గన్‌కి అది సుఖంగా ఉండే చోటు. అట్టపెట్టె మీద సెకనుకి వెయ్యీ పన్నెండొందల అడుగుల స్పీడు అని రాస్తారు, అది బాగా తేలిక పెల్లెట్‌తో కొలిచింది, దాని కోసం పాకులాడితే గురి పోతుంది. రకం మార్చినప్పుడల్లా మొదటి పది షాట్లు లెక్కలోకి తీసుకోకండి, గొట్టం కొత్త సీసానికి అలవాటు పడాలి.

నూనె, పొగ, గొట్టం

కొత్త గన్ ఠప్‌మని గట్టిగా పేలి మూతి దగ్గర పొగ, కాలిన వాసన వస్తుందంటే లోపలి నూనె గాలి వేడికి అంటుకుంటోంది. ఆ మంట ఒక షాటుకి ఉంటుంది ఒక షాటుకి ఉండదు, స్పీడు పైకీ కిందకీ కొట్టుకుంటుంది. ఒకటీ అరా డబ్బా కొట్టాక అదే తగ్గిపోవాలి, అప్పటిదాకా గన్ మీద తీర్పు చెప్పకండి. ఇది తెలీక మనోళ్లు కుట్టుమిషన్ నూనె ఇంకో నాలుగు చుక్కలు పోస్తారు, కోనసీమలో అయితే కొబ్బరినూనె పోసినవాళ్లు కూడా ఉన్నారు, ఆయ్, నిజమే! ఏ నూనె అయినా పిస్టన్ నుంచి పెల్లెట్‌కి గాలి వచ్చే రంధ్రంలో పోశారంటే పొగ పెరుగుతుంది, సీల్ కాలిపోతుంది, కొబ్బరినూనె అయితే చలికాలం పేరుకుని కూర్చుంటుంది కూడా.

గొట్టంలో మాత్రం ఫ్యాక్టరీ గ్రీజు ఉంటుంది, దాన్ని తీసెయ్యాలి. చేపల దారం మడిచి దాని ఉచ్చులో చిన్న కాటన్ గుడ్డ పెట్టి, పెల్లెట్ పెట్టే వైపు నుంచి మూతి వైపుకి లాగండి, గుడ్డ తెల్లగా వచ్చేదాకా. ఇనప రాడ్డు తోయొద్దు. తర్వాత ఇయర్‌బడ్ దూది మూతి లోపలి అంచు చుట్టూ తిప్పండి, ఒక చోట దూది పోగు చిక్కుకుంటే అక్కడ గరుకు ఉంది, పెల్లెట్ గొట్టం వదిలే ఆఖరి క్షణంలో గాలి అటు ఎక్కువ తన్ని పక్కకి నెడుతుంది. దాన్ని ఆకురాయితో మీరే రుద్దకండి. పెల్లెట్ పెట్టే చోట గుండ్రటి రబ్బరు సీల్ ఉంటుంది, అక్కడ టిష్యూ పేపర్ పీలిక ఆనించి కొట్టి చూడండి. పీలిక ఎగిరితే గాలి కారుతోంది, సీల్ మార్చాలి, అది తక్కువ ఖర్చే. పెల్లెట్ లేకుండా ఊరికే పేల్చి చూడటం మాత్రం ఎప్పుడూ వద్దు, పిస్టన్ నేరుగా పోయి లోహానికి కొట్టుకుంటుంది.

ఇప్పుడు జీరో

గ్రూప్ గోరంత అయ్యాకే నాబ్. ఐదు కొట్టి, ఆ గుంపు మధ్య ఎక్కడుందో చూసి, అక్కణ్ణించి చుక్కకి స్కేలు పెట్టి కొలవండి. నాబ్ మీద పావు ఎంఓఏ (కోణం కొలత) అని ఉంటే ఒక క్లిక్కు 100 మీటర్లలో 7 మి.మీ. చిల్లర, 25 లో దాదాపు 1.8, 10 మీటర్లలో 0.7 మాత్రమే. అంటే 10 మీటర్లలో 14 మి.మీ. కింద పడుతుంటే ఇరవై క్లిక్కులు పైకి, రెండో మూడో కాదు. నాలుగు క్లిక్కులు తిప్పి ఏం మారలేదేంటి అని స్కోప్‌ని తిట్టేది ఇందుకే. ఇరవై పైకి, ఇరవై కుడికి, ఇరవై కిందకి, ఇరవై ఎడమకి తిప్పుతూ ఒక్కోచోట మూడేసి కొట్టి చూడండి, పేపర్ మీద చతురస్రం వచ్చి మళ్లీ మొదటి చోటికే చేరితే స్కోప్ మాట వింటున్నట్టు. అది అయ్యాక మీరు ఎక్కువగా కొట్టే దూరానికి, 20 అయినా 25 అయినా, అక్కడికెళ్లి మళ్లీ సెట్ చేస్కోండి.

వానాకాలంలో ఒకసారి మళ్లీ చూడాల్సొస్తుంది. మన తేమకి చెక్క ఉబ్బుతుంది, స్క్రూల బిగువు మారుతుంది, ఉప్పుగాలికి గొట్టం పైన తుప్పు లేస్తుంది. గన్‌ని ఫోమ్ సంచిలో పెట్టి బీరువాలో పడేస్తే ఆ ఫోమ్ తేమ పీల్చి ఉంచుతుంది, బయట నూనె గుడ్డతో తుడిచి, పిల్లలకి అందకుండా తాళం వేసి గాలాడేచోట ఉంచండి. కాక్ చేసి, అంటే స్ప్రింగు లాగి పేల్చడానికి సిద్ధంగా పెట్టి మాత్రం వదిలేయొద్దు.

ఇన్నీ చేసినా ఇంకొకరి చేత కొట్టించినా రెండు మూడు మంచి పెల్లెట్లతో కూడా జల్లినట్టే పడుతుంటే, అప్పుడు గన్‌దే తప్పు అనొచ్చు. ఇంట్లో విప్పకండి, లోపల స్ప్రింగు నొక్కిపెట్టి ఉంటుంది, దాన్ని బిగించి పట్టే పనిముట్టు లేకుండా విప్పితే మొహం మీదకి వస్తుంది, వారంటీ కూడా పోద్ది. ఆ రాసిపెట్టుకున్న పేపర్లు ఫోటోలు తీసి, పెల్లెట్ పేరు, దూరం, మామూలు సైట్లతో వచ్చిన గ్రూప్, అన్నీ కలిపి అమ్మినవాళ్లకి పంపండి. గురి లేదండి అంటే మీకు కొట్టడం రాదంటారు, తారీకులేసిన పది పేపర్లు చూపిస్తే ఆ మాట అనలేరు.